పాడే పిల్లలు, అడిగే పిల్లలు



సంక్రాంతి దాటిందంటే ఊరూరా బడి వార్షికోత్సవాల హడావుడి మొదలవుతుంది. షామియానా, రంగురంగుల లైట్లు, చెవులు చిల్లులు పడే రెండు స్పీకర్లు, ముఖ్య అతిథి ప్రసంగం. ఆ తర్వాత వరసపెట్టి సినిమా పాటలకు డాన్సులు. నడుమ ఎక్కడో "ఇప్పుడు తొమ్మిదో తరగతి విద్యార్థులచే సందేశాత్మక నాటిక" అని మైకులో వినపడుతుంది. జనం టీ కోసం లేచేది సరిగ్గా అప్పుడే. నాటికలో తాగొచ్చే తండ్రి ఒకడుంటాడు, ఏడ్చే తల్లి ఒకామె ఉంటుంది. చివర్లో మాస్టారి వేషం కట్టిన కుర్రాడు ముందుకొచ్చి తాగుడు మానెయ్యమంటాడు. తండ్రి అక్కడికక్కడే మానేస్తాడు. చప్పట్లు.

బడిపిల్లల చేత గేయనాటికలు, బుర్రకథలు ఆడించే పనిలో చాలాకాలంగా ఉన్నవాణ్ణి. అందుకని ఆ నాటికను ఎగతాళి చెయ్యడానికి నాకు నోరు రాదు. దాని వెనక ఎవరో ఒక టీచరు సాయంత్రాలు ఖర్చుపెట్టి ఉంటారు. కాకపోతే ఒక మాట చెప్పాలి. ఆ తండ్రి వేషం వేసిన పిల్లవాణ్ణి పక్కకు పిలిచి "ఒక్కమాటకే ఎలా మానేశావురా?" అని అడిగి చూడండి. నవ్వుతాడు. వాడికి తెలుసు, అలా ఎవరూ మానరని. తెలిసిన అబద్ధాన్ని వాడి చేత అందరి ముందూ చెప్పించామన్నమాట.

సంగీతంతో కూడిన సాంఘిక నాటకాన్ని పిల్లల చేత ఆడించడంలో గొప్ప మేలు ఉందని నా గట్టి నమ్మకం. ఆ మేలు ప్రదర్శన రోజు కంటే ముందే, రిహార్సల్ గదిలో జరుగుతుంది. కథతో పేచీ పెట్టుకునే స్వేచ్ఛ పిల్లలకు ఇచ్చినప్పుడే జరుగుతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ సంగతే.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ జర్మనీలో ఉంది. 1930 జూన్‌లో బెర్లిన్‌లో ఒక చిన్న సంగీత నాటకం ఆడారు. రాసింది బెర్టోల్ట్ బ్రెక్ట్, సంగీతం కుర్ట్ వైల్. దాని పేరును మన భాషలో చెప్పుకోవాలంటే 'అవుననేవాడు' అనవచ్చు. బడుల్లో విద్యార్థులే పాడి ఆడటానికని కావాలని రాసిన నాటకమది. మొదటి ప్రదర్శనలోనూ విద్యార్థులే పాడారు. రేడియోలో కూడా ప్రసారమైంది. అందుకే ఇవాళ రేడియోలో దాని సంగతి చెప్పడం నాకు ముచ్చటగా ఉంది.

కథ జపాన్ నుంచి వచ్చింది, అక్కడి పాత నో నాటకం ఒకటి దీనికి ఆధారం. ఒక కుర్రాడి తల్లికి జబ్బు చేస్తుంది. గురువుగారూ మరికొందరూ కొండలు దాటి ప్రయాణం కడుతుంటే, అమ్మకు మందు తెస్తానని ఆ పిల్లవాడు కూడా బయలుదేరతాడు. దారిలో వాడే జబ్బు పడతాడు. ఇక నడవలేడు. అక్కడొక ఆచారం ఉంది. దారిలో పడిపోయినవాణ్ణి "నీ కోసం మేమంతా వెనక్కి తిరగాలా?" అని అడగాలి. అక్కర్లేదని వాడు జవాబివ్వాలి. ఆ తర్వాత వాణ్ణి లోయలోకి తోసెయ్యాలి. ఈ పిల్లవాడు సరేనంటాడు. తోసేస్తారు.

చాలా బడులు దాన్ని ఆడాయి. బెర్లిన్‌లోనే నాయ్‌కోల్న్ అనే పేటలో, కార్మికుల పిల్లలు చదివే కార్ల్ మార్క్స్ పాఠశాల ఒకటుండేది. అక్కడి విద్యార్థులు నాటకం మీద చర్చ పెట్టారు. ఆ కుర్రాడు ఎందుకు ఒప్పుకోవాలి? ఆచారమైతే మాత్రం ప్రాణం ఇచ్చెయ్యాలా? ఇంత అన్యాయమైన ముగింపు మాకు మింగుడు పడటం లేదన్నారు. అప్పటికే పేరు మోసిన నాటకకర్త పిల్లల మాటలని కొట్టిపారెయ్యలేదు. వాళ్ల అభ్యంతరాలను ముందు పెట్టుకుని కూర్చుని నాటకాన్ని తిరగరాశాడు. పైగా దానికి జోడీగా 'కాదనేవాడు' అని రెండోది రాశాడు. ఇందులో కుర్రాడు "నేనొప్పుకోను" అంటాడు. పాత ఆచారం నాకొద్దు, కొత్త పరిస్థితి వచ్చినప్పుడు కొత్తగా ఆలోచించే ఆచారం పెట్టుకుందామంటాడు. అందరూ వెనక్కి తిరుగుతారు. రెండూ పక్కపక్కనే ఆడాలని బ్రెక్ట్ కోరిక. వైల్ మాత్రం రెండోదానికి సంగీతం కట్టలేదు. మరి మూడేళ్లకే, 1933లో, హిట్లర్ అధికారంలోకి రాగానే ఇద్దరూ దేశం విడిచి వెళ్లిపోవలసి వచ్చింది. ఎదురుచెప్పకుండా తలూపే అలవాటు ఒక దేశాన్ని ఎక్కడికి తీసుకుపోయిందో తర్వాత లోకమంతా చూసింది.

ఇదంతా విని, మనకెక్కడివండీ అలాంటి నాటకాలు అనుకోనక్కర్లేదు. మన బుర్రకథను ఒకసారి జాగ్రత్తగా చూడండి. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, చేతికి అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకుని ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. కథకుడు కథ నడుపుతుంటే రాజకీయం చెప్పే వంత ఇవాళ్టి లోకం సంగతి ఎత్తుకుంటాడు. హాస్యం చెప్పే వంత అడ్డం పడతాడు, తెలియనట్టు అడుగుతాడు, వేళాకోళం చేస్తాడు, ఒక్కోసారి కథకుణ్ణే ఇరకాటంలో పెడతాడు. జర్మనీలో పిల్లలు చర్చ పెట్టి సాధించుకున్నదాన్ని మనవాళ్లు కళారూపంలోనే అమర్చిపెట్టారు. ప్రశ్నలడిగే మనిషికి వేదిక మీదే చోటుంది, వాడి చేతిలో వాయిద్యం కూడా ఉంది!

గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ ఈ కళను ఎక్కడికి తీసుకెళ్లారో పెద్దవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెప్పిన గొంతుతోనే ఆయన బెంగాల్ కరువు కథ కూడా చెప్పారు. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు బుర్రకథను ఊరూరా తిప్పాయి. మోటూరి ఉదయం వంటి స్త్రీలు, ఆడవాళ్లు వేదికెక్కడమే తప్పనే రోజుల్లో, మహిళా దళం కట్టి బుర్రకథ చెప్పారు. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు మనకు వదిలిపెట్టిన ఈ పనిముట్టుకు ముగ్గురు పిల్లలు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు, మూడు తలపాగాలు ఉంటే చాలు. డ్రెస్ కంపెనీకి అద్దె కట్టే పని లేదు, వెనక తెర కూడా అక్కర్లేదు.

ఒక రిహార్సల్ సంగతి చెప్తాను. బాల్యవివాహం మీద బుర్రకథ కడుతున్నాం. ఈ విషయం ఎన్నుకోవడానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైన. ముందు ఈ లెక్కను పిల్లలకు చెప్పాం. లెక్కతో మొదలుపెట్టడం మన గురజాడ దగ్గర నేర్చుకోవలసిన పద్ధతి. కన్యాశుల్కం మొదటి కూర్పు పీఠికలో ఆయన విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు 1034 అని నమోదు చేశారు. 1892లో విజయనగరంలో ఆ నాటకం వేదికెక్కినప్పుడు చూసినవాళ్లు నవ్వారంటే, ఆ నవ్వు వెనక అంత లెక్క ఉంది.

మేం రాసుకున్న కథలో తండ్రి బోరు వెయ్యడానికి అప్పు చేస్తాడు, నీళ్లు పడవు, తొమ్మిది చదివే కూతురికి పెళ్లి కుదురుస్తాడు. స్నేహితురాళ్లు 1098కి ఫోను చేస్తారు, అధికారులు వస్తారు, పెళ్లి ఆగిపోతుంది. మంగళం. నాలుగో రోజో అయిదో రోజో, హాస్యం చెప్పే కుర్రాడు గుమ్మెట కింద పెట్టేసి, "సార్, ఇప్పుడు ఆపేశారు సరే. రెండేళ్లాగితే కట్నం డబలవుద్ది గదా. అదెవరిస్తారు?" అన్నాడు.

పిల్ల చిన్నదైతే కట్నం తక్కువకు కుదురుతుందన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. మా కథలో లేదు. రాజకీయం చెప్పే అమ్మాయి వెంటనే, "చదువుకుంటే తనే సంపాదించుకుంటది" అంది. కోరస్‌లో వెనక వరస అమ్మాయి ఊరుకోలేదు. "మా అక్క డిగ్రీ చదివింది. ఇంట్లోనే ఉంది, కట్నమూ అడుగుతున్నారు" అంది. ఇంకేముంది, ఆ సాయంత్రం పాట సాగలేదు, వాదన సాగింది. బోరు అప్పుకి వడ్డీ ఎంత పడుతుంది, కట్నం అడగడం నేరం కదా, నేరమైతే ఎవరూ ఎందుకు ఫిర్యాదు చెయ్యరు, మగపిల్లలు వద్దనొచ్చు కదా అని ఒకరి మీద ఒకరు. కథకుడి వేషం కుర్రాడు చివరికి నా వైపు తిరిగి "మీరు తీసుకున్నారా సార్?" అనేశాడు. నేను తీసుకోలేదు. తీసుకుని ఉంటే ఆ గదిలో నాకు చోటుండేది కాదు.

ముగింపు మార్చేశాం. పెళ్లి ఆగుతుంది, ఆ తర్వాత హాస్యగాడు తన ప్రశ్నను జనంలోకి వదిలేస్తాడు. ప్రదర్శన రోజు వాడు అలాగే అడిగాడు. ముందు వరసలో ఒక పెద్దాయన "కట్నం అడిగినోణ్ణి అడగండ్రా" అని కేకేశాడు. వీడు తడుముకోకుండా "అడిగినోడు నీ వెనకాలే కూర్చున్నాడేమో చూడు తాతా!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఆ ముక్క ఏ స్క్రిప్టులోనూ లేదు. వాడు ఆ విషయాన్ని అన్ని రోజులు బుర్రలో తిప్పుకున్నాడు కాబట్టే అంత తొందరగా నోటికొచ్చింది.

పాటే ఎందుకు, మామూలు నాటకం చాలదా అని అడుగుతుంటారు. చాలు, బాగా రాస్తే. అయితే పాటతో కొన్ని సౌకర్యాలున్నాయి. తరగతిలో పేరు పిలిస్తే కూడా జవాబు వినపడని పిల్ల పదిమంది గొంతుల్లో తన గొంతు కలిపి ధైర్యంగా పాడుతుంది. నాటకానికి ఆరుగురు కావాలి, కోరస్ ఉంటే నలభై మందికి పని దొరుకుతుంది. డైలాగు మరిచిపోతే నాటకం ఆగిపోతుంది. పాటలో ఒకరు మరిచిపోతే పక్కవాళ్లు అందుకుంటారు. ఇక గుర్తుండటం మాట చెప్పనే అక్కర్లేదు. ఎప్పుడో బడిలో పాడిన పాట నలభై ఏళ్ల తర్వాత కూడా వరస తప్పకుండా వస్తుంది. నీతివాక్యం అలా రాదు.

శ్రుతి సంగతి ఒకటి టీచర్లతో చెప్పాలి. ఆడపిల్లలకు అయిదు, అయిదున్నర శ్రుతి హాయిగా ఉంటుంది. తొమ్మిదో తరగతి అబ్బాయిలకు గొంతు మారే వయసు. నిన్న అందిన స్వరం ఇవాళ అందదు, గొంతు జీరపోతుంది, మిగతావాళ్లు నవ్వుతారు, వాడు మర్నాటి నుంచి రిహార్సల్‌కు రాడు. అలాంటివాణ్ణి ఆ శ్రుతిలోకి లాగకండి. వచనం ఇవ్వండి, గుమ్మెట ఇవ్వండి, తాళం అప్పజెప్పండి. యూట్యూబులో ట్రాకు దించి పిల్లల చేత పెదాలు ఆడించే పద్ధతి ఇప్పుడు ఎక్కువైంది. ఆ ట్రాకు ఎవరో పెద్ద గాయని శ్రుతిలో ఉంటుంది. పిల్లలది కాని గొంతుతో పిల్లల మాట చెప్పించడం నాకు సుతరామూ నచ్చదు. అపశ్రుతి పలికినా సరే, వాళ్ల గొంతే వినపడాలి.

పాత్రల పంపకం ఇంతకంటే సున్నితమైన వ్యవహారం. రవీంద్రనాథ్ టాగూర్ 1933లో రాసిన చండాలిక నాటకాన్ని 1938లో పూర్తిగా పాటలతో నృత్యనాటికగా మలిచారు. బౌద్ధ కథ అది. ఆనందుడనే భిక్షువు దాహమై బావి దగ్గర ఒక అమ్మాయిని నీళ్లడుగుతాడు. నేను అంటరానిదాన్నని ఆమె వెనకాడుతుంది. నువ్వూ నేనూ ఒకటే మనుషులమని చెప్పి ఆయన ఆ నీళ్లు తాగుతాడు. ఆ గుక్కెడు నీళ్లతో ప్రకృతి అనే ఆ అమ్మాయికి తానెవరో తెలిసివస్తుంది. అక్కడి నుంచి ఆమె కోరిక, తల్లి మంత్రం, పశ్చాత్తాపం, కథ చాలా దూరం పోతుంది. ఇలాంటి నృత్యనాటికల్లో శాంతినికేతన్ విద్యార్థినులు వేదికెక్కారు. మంచి కుటుంబాల ఆడపిల్లలు నలుగురి ముందు నాట్యం చెయ్యడమేమిటని గొణిగినవాళ్లు ఆ రోజుల్లో చాలామందే ఉన్నారు.

మన బడుల్లో ఇలాంటి కథ ఎత్తుకున్నప్పుడు ప్రకృతి వేషం ఎవరికిస్తారు? కొన్నిచోట్ల చూస్తుంటాను, ఊడ్చే మనిషి వేషానికి టీచరు చెయ్యి తిన్నగా ఫలానా పేట నుంచి వచ్చిన పిల్లవైపే పోతుంది. 'సహజంగా ఉంటుంది' అంటారు. అది సహజత్వం కాదు, పాత గాయాన్ని మైకు పెట్టి చూపించడం. అలాగే తాగుబోతు తండ్రి కథలో, నిజంగా ఆ బాధ ఇంట్లో పడుతున్న పిల్లను ఏడవమనకూడదు. ఆ పిల్లకు కలెక్టరు వేషం ఇవ్వండి, కథకురాలి తంబురా ఇవ్వండి. తన బాధ తన పేరుతో చెప్పుకోనక్కర్లేకుండా పాత్ర వెనక నిలబడి చెప్పే వెసులుబాటు నాటకంలో ఉంది. ఆ వెసులుబాటు లాగేసుకుంటే నాటకం ఆడించకపోవడమే మేలు. పెద్దింటి పిల్లవాడు అంటరాని కుర్రాడి వేషంలో నిలబడి నీళ్లకోసం బతిమాలితే, వాడు నేర్చుకునేది ఎక్కువ. ఆ తర్వాత వాళ్లింట్లో ఎవరికి ఏ గ్లాసులో నీళ్లిస్తున్నారో వాడు గమనించకుండా ఉండలేడు.

సరే, ఇవన్నీ ఆడితే ఊరు మారుతుందా? ఒక్క నాటకంతో ఏ ఊరూ మారదు. అయినా పాటకూ నాటకానికీ ఉన్న బలం తక్కువది కాదనడానికి మన నెల్లూరు జిల్లా సాక్ష్యం ఉంది. 1990లో మొదలైన అక్షరాస్యత ఉద్యమంలో కళాజాత దళాలు, వాటిలో ఎక్కువమంది కుర్రకారే, ఊళ్లు తిరిగి పాటలు పాడారు, చిన్న నాటికలు వేశారు. రాత్రి బడుల్లో ఆడవాళ్లు సారా గొడవ మీద పాఠం చదివారు, చదివి మాట్లాడుకున్నారు. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఉద్యమం నడిపింది ఆ ఆడవాళ్లే, ఆ ఘనత కళాజాతకు కట్టబెట్టడం అన్యాయం. కానీ నలుగురూ ఒకచోట కూర్చుని తమ ఇంటి గొడవ ఊరి గొడవేనని గుర్తుపట్టడానికి ఆ పాటలు సాయపడ్డాయి. ఆ దళాల్లో ఆడిన పిల్లల్లో కొందరు తర్వాత టీచర్లయ్యారు, కొందరు సర్పంచులయ్యారు, కొందరు మామూలుగా పొలం పనులే చేసుకుంటున్నారు. సభలో లేచి నిలబడి మాట్లాడే ధైర్యం మాత్రం అందరిలోనూ కనపడుతుంది.

చదువు పాడవుతుందని భయపడే తల్లిదండ్రులకు ఒక మాట. పదో తరగతి పిల్లల్ని వదిలెయ్యండి, ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లను పంపండి. రోజుకు ముప్పావు గంట, నెలన్నర చాలు. ఫోను చేతిలోంచి దిగే ముప్పావు గంట అదొక్కటే కావచ్చు కూడా. ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. పోటీల్లో బహుమతి వచ్చిందా అని అడక్కండి. బహుమతి కోసం ఆడితే ప్రశ్నలన్నీ కత్తిరించి ఏడుపు సీన్లు పెంచుతారు. ఏ పిల్లవాడు ఏ ప్రశ్న వేశాడో అడగండి.

టీచర్లూ, ఈ ఏడాది వార్షికోత్సవంలో పది డాన్సులుంటే ఉండనివ్వండి, పిల్లలకు సరదా అది. వాటి పక్కన ఒక్క అరగంట మీ ఊరి సమస్యకు కేటాయించండి. నీళ్ల గొడవో, పెళ్లి గొడవో, బడి మానేసి పత్తి చేలకు పోయే పిల్లల సంగతో, ఏదో ఒకటి. కథ పిల్లల చేతే కట్టించండి, వాళ్ల గొంతుతోనే పాడించండి. హాస్యగాడి వేషం మాత్రం మీ తరగతిలో ఎక్కువ ప్రశ్నలడిగి మిమ్మల్ని విసిగించే పిల్లవాడికో పిల్లకో ఇవ్వండి.